అమ్మ పళ్లతో చెనక్కాయల బేరం

మా నాయన చెనక్కాయల వ్యాపారి. రైతు మూట విప్పగానే ఒక కాయ ఒలిచి, గింజను దవడ పళ్ల మధ్య పెట్టి కొరికి, కళ్లు మూసుకుని, "పచ్చి ఉండాదప్పా, ఇంకా ఎండల్ల" అనేవాడు. ఆ మాటకు ఎదురు చెప్పినవాళ్లు లేరు. తేమ చూసే మిషన్లు బజారులోకి వచ్చి చాలా కాలమైంది. ఆయన దృష్టిలో అవి పళ్లు లేనివాళ్ల కోసం.

సరిగ్గా ఆ దవడ పళ్లే ఊడిపోయాయి, రెండు వైపులా.

అనంతపురంలో పళ్ల డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్లాను. అచ్చు తీయడానికి నోటినిండా ముద్ద కుక్కే పని లేదు. పెన్నులాంటి కెమెరా తిప్పితే చాలు, నాయన దవడ తెర మీదికి వచ్చేసింది. డాక్టరు దాన్ని గిరగిరా తిప్పుతుంటే నాయన తన చెంప గట్టిగా పట్టుకున్నాడు. ఎముకలో మరలు ఎక్కడ దిగాలో కంప్యూటరే చూపించింది. అవి కుదురుకున్నాక పైన పెట్టే పళ్లను మిషనే చెక్కింది. అద్దంలో చూసుకుని నాయన మురిసిపోయాడు. నేనూ ఏదో ఘనకార్యం చేసినట్టు ఊరంతా చెప్పుకున్నాను.

తర్వాత వచ్చిన మొదటి సరుకు కుందుర్పి వైపుది. నాయన ఒక గింజ కొరికాడు. ఇంకొకటి కొరికాడు. గుప్పెడు నమిలాడు. రైతుకు కంగారు పుట్టింది.

"ఏమప్పా, కొంటాండావా, తింటాండావా?"

"బాగా ఎండినాయి," అన్నాడు నాయన, బింకంగా. కొద్దిరోజులకే ఆ మూటలన్నిటికీ బూజు పట్టింది.

మళ్లీ డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. "కొంచెం వంకరగా ఉన్యా పర్వాలేదు సారూ, తెలివుండే పన్ను పెట్టు," అని నాయన బతిమాలాడు. డాక్టరు పాపం నవ్వలేదు. "సొంత పన్ను వేరు చుట్టూ పల్చని పొర ఉంటాది పెద్దాయనా. ఎంత గట్టిగా కొరికినామో అదే చెప్తాది. దీనికి అది లేదు. కంప్యూటరు పన్ను చేస్తాది గానీ ఆ పొర చేయలేదు."

దాంతో నాయన అమ్మను అంగడికి తెచ్చాడు. పెళ్లయినప్పటి నుంచి వ్యాపారంలో ఆమెను ఒక్క మాట అడగని మనిషి, ఇప్పుడు స్టూలు వేసి కూర్చోబెట్టి ఆమె నోటికేసి చూస్తూ నిలబడేవాడు. రైతులూ నిలబడేవాళ్లు. అమ్మ తీరిగ్గా నమిలి, కొంగుతో మూతి తుడుచుకుని తీర్పు చెప్పేది. ఒక్కటీ తప్పలేదు. నాకు గర్వంగానూ ఉండేది, ఒళ్లూ మండేది. ఆమె కుడి చెంప నొక్కుకుంటూ ఉంటే, రుచి చూస్తోందనుకునేవాడు ఆయన.

నాయన పళ్లు మళ్లీ చూపించడానికి వెళ్లిన రోజు అమ్మను కూడా కుర్చీలో కూర్చోబెట్టాను. ఆమె నోరు తెరవగానే డాక్టరు నొసలు ముడిచాడు. "ఈ దవడ పన్ను వేరు దాకా పుచ్చిపోయింది. ఇదీ తీసి అట్లాంటిదే పెడదాం."

నాయన కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "ఆ పన్ను ముట్టుకోవద్దు సారూ! ఇప్పుడు సీజన్ నడస్తాండాది."

"కొరికినప్పుడల్లా ప్రాణం పోతాండాది," అంది అమ్మ. "పచ్చిదా, ఎండినాదా అని అడిగితివి, చెప్పినా. నొప్పా అని నువ్వు అడగలా."

నాయన పక్కకు జరిగి, కుర్చీ కింద చిందరవందరగా పడున్న అమ్మ చెప్పులు తీసి గోడవార పెట్టాడు. డాక్టరు కెమెరా తిప్పుతుంటే తెర మీద ఆమె దవడ మెల్లగా రూపుకడుతోంది. దాన్నే చూస్తూ నన్ను అడిగాడు.

"ఆ తేమ చూసే మిషన్ యాడ దొరుకుతాది రా?"