పల్లికాయకు సర్టిఫికెట్

గద్వాలలో మా సేటు పల్లికాయ గోదాముకు ఇన్‌చార్జి పోస్టు ఖాళీ అయింది. సప్లై చెయిన్ సర్టిఫికెట్ ఉన్నవాడికే ఇస్తానన్నాడు సేటు. ఆరేళ్లుగా అక్కడ గుమాస్తాను, ఆ కుర్చీ నాకు కావాలి. ఫోన్‌లో వీడియోలు చూసి తెచ్చుకున్నది చెల్లదట, క్లాసులో సార్ ఎదుట నిలబడి పాఠం చెప్పి ఇచ్చిందే కావాలట. అందుకని ఎనిమిది ఆదివారాలు వనపర్తి బస్సెక్కాను.

ఫంక్షన్ హాలు మేడ మీద క్లాసు. సార్ హైదరాబాద్ నుంచి వచ్చేవాడు. మే నెల ఎండలో టై కట్టేవాడు, చూస్తుంటే నాకు ఊపిరాడేది కాదు. పల్లికాయ బస్తా ఆయన భుజం మీదికి కాదు కదా, కంటి ముందుకైనా ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ముందు వచ్చిన సరుకు ముందు పోవాలి అనే ఒక్క ముక్కకు పూటంతా తిన్నాడు, అదీ సూపర్ మార్కెట్ పాల ప్యాకెట్ల బొమ్మతో. మా హమాలీలు ఆ పని బీడీ కాలుస్తూ చేస్తారు.

"పచ్చి కాయ లాట్‌లో కలిస్తే ఏం చేయాలి సార్?" అని అడిగాను.

"అది మన సిలబస్‌లో లేదండీ" అన్నాడు, సిగ్గన్నది లేకుండా.

ఉప్పునుంతల నుంచి వచ్చే ఒకాయన ఆ మాట కూడా నోట్సులో రాసుకున్నాడు.

ఆరో వారం అందరినీ మా గోదాముకే తీసుకొచ్చాడు సార్. అక్కడ కాయ ఏరే ఆడవాళ్లకు పెద్ద ఒకామె ఉంది. బొంబాయి దాకా కూలికి పోయి వచ్చిన మనిషి, నేను అక్కా అంటాను. బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు కాయ తీసి, చెవి దగ్గర ఆడించింది.

"గింజ మోగుతలేదు. ఇంక రెండొద్దులు ఎండాలె. లారీకి ఎక్కియ్యకున్రి, బూజొస్తది."

సార్ మురిసిపోయి ఫోన్‌లో రాసుకున్నాడు. మరుసటి ఆదివారం అది తెర మీద ప్రత్యక్షం: సెన్సరీ ఇన్‌స్పెక్షన్. అక్క చెయ్యి ఫొటో ఉంది, అక్క ఊసు లేదు. దొంగ వెధవ అనుకున్నాను. అనుకుంటూనే నేనూ రాసుకున్నాను.

సేటు గోదాములోకి తొంగిచూసే రకం కాదు. ఇంటర్వ్యూలో, తేమ మీటరు చెడిపోతే ఏం చేస్తావని అడిగాడు. సెన్సరీ ఇన్‌స్పెక్షన్ అన్నాను. చెవి దగ్గర గుప్పిట ఆడించి చూపించాను కూడా. ఎవరి దగ్గర చూశానో చెప్పలేదు. కుర్చీ వచ్చింది. సర్టిఫికెట్‌తో ఏం ఒరగదని ఎవరైనా అంటే నమ్మకండి. బాగా ఒరుగుతుంది.

కుర్చీలో కూర్చున్న మొదటి రోజే అక్క వచ్చింది.

"మా బిడ్డ డిగ్రీ అయింది తమ్మీ. గా సార్ కాడికి తోలితే దానికి గూడ గిసొంటి నౌకరి దొరుకుతదా?"

"దొరుకుతదక్కా."

"ఏం నేర్పుతరు గాడ?"

"చానా ఉంటయి" అన్నాను.

"ఇంట్ల నేర్పుదమంటే నాకేం తెల్వకపాయె. జర నువ్వే సార్‌కు చెప్పి చేర్పియ్యి."

ఆ సాయంత్రమే ఆ పిల్ల ఫారం నా చేత్తో నింపాను.