వర్జ్యం చూసి వేసుకున్న మాత్ర

నాకు భయం మొదలైంది నిరుడు వానాకాలంలో. దేని గురించి అని అడిగితే చెప్పలేను. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే గుండెల మీద ఎవరో మోకాలు ఆనించి కూర్చున్నట్టుండేది. స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, నడుం నిటారుగా పెట్టుకుని వీధిలోకి వస్తే ఎవరికీ తెలిసేది కాదు. నడుం వంచకుండా నడవడం మా ఇంట్లో నడక రాకముందే నేర్పుతారు.

మాది ప్రత్తిపాడు వైపు ఒక ఊళ్ళో ఒకప్పుడు పెద్ద ఇల్లు. విత్తనం ఎప్పుడు వేయాలో మా తాతగారిని అడిగి వేసేవాళ్ళు. ఆయన అరుగు మీద పంచాంగం విప్పితే ఊరంతా చేతులు కట్టుకుని నిలబడేది. నా చేతికి వచ్చేసరికి నాలుగెకరాల పత్తి చేను, ఆ పంచాంగాలు పెట్టిన చెక్కపెట్టె మిగిలాయి. నేను మా అమ్మతో, మా ఆవిడతో గుంటూరులో అద్దె వాటాలో ఉంటున్నాను. చేను కౌలుకిచ్చాను. అయినా వారానికి రెండుసార్లు మోటారు సైకిలు మీద వెళ్ళి గట్టు మీద నిలబడి వస్తాను. చేయాల్సిన పనేమీ ఉండదు. నిలబడటమే పని.

మనసుకి వైద్యం చేసే డాక్టర్లు గుంటూరులో లేకపోలేదు. ఒకసారి వెళ్ళి మెట్ల దాకా ఎక్కాను. లోపల కుర్చీల్లో మా ఊరివాళ్ళు ఇద్దరు కనిపించారు. పంటినొప్పి డాక్టరు ఎక్కడని అడిగి దిగివచ్చాను.

ఆ సంగతి ఒక్క మా బావమరిదికి చెప్పాను. అతను బెంగుళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, నాకంటే ఆరేళ్ళు చిన్న. తర్వాతి నెల వచ్చినప్పుడు ఒక చిన్న డబ్బా నా చేతిలో పెట్టాడు. అందులో క్యాప్సూల్స్ ఉన్నాయి. ఎవరో ఇంట్లో కూర్చుని చేత్తో నింపినవి.

"ఏమిటివి?"

"ఒక రకం పుట్టగొడుగుల పొడి బావగారూ. ఎక్కువ తింటే మత్తు, లేనిపోనివి కనిపిస్తాయి. ఇది రవ్వంతే. తిన్నట్టు కూడా తెలీదు. మా ఆఫీసులో సగం మంది ఇదే."

"చట్టం ఒప్పుకుంటుందా?"

"ఒప్పుకోదు. అందుకే అత్తయ్యగారి ముందు తీయకండి," అని నవ్వాడు. తర్వాత పద్ధతి చెప్పాడు. ఒక రోజు వేసుకోవాలి, రెండు రోజులు మానేయాలి. మానేసిన రోజుల్లో ఊరికే కూర్చుని మనసులో ఏం జరుగుతోందో చూసుకుని ఒక పుస్తకంలో రాసుకోవాలి. "అసలు మందు ఆ రెండు రోజులే బావగారూ. మాత్ర కాదు. ఆ రెండు రోజులు మాత్రం పోగొట్టుకోకండి."

పద్ధతి అనే మాట నాకు నచ్చింది. నియమం ఉన్నదేదీ చెడ్డది కాదని మా ఇంటి నమ్మకం.

మొదటి రెండు వారాలు ఏమీ జరగలేదు. మానేసిన రోజుల్లో పుస్తకం ముందు కూర్చునేవాణ్ణి. మనసు గురించి రాయమంటే నాకు చేతకాలేదు. ఎండ ఎంత కాసిందో, బస్టాండు దగ్గర ఎవరు నమస్కారం పెట్టారో, ఎవరు చూసి చూడనట్టు పోయారో రాసేవాణ్ణి. భయం అనే మాట ఒక్కచోట కూడా రాయలేదు. ఎవరైనా చదువుతారేమోనని.

ఆ పద్ధతిలోకి నేను మా ఇంటి పద్ధతిని కూడా తెచ్చాను. మా ఇంట్లో మంగళవారం మందు పుచ్చుకోరు, అమావాస్యనాడు పుచ్చుకోరు, వర్జ్యం ఉన్నంతసేపు నోట్లో ఏదీ వేసుకోరు. అది మా తాతగారి మాట. పంచాంగం ముందు పెట్టుకుని మాత్రల రోజులకి గుర్తులు పెట్టుకున్నాను. ఆ పని చేస్తున్నంతసేపు, నిజం చెప్పాలంటే, నాకు చాలా గొప్పగా అనిపించింది.

మూడో వారం బుధవారం మా నాన్నగారి తద్దినం. ఆ రోజు వేసుకోవాల్సిన మాత్ర మానేశాను. తర్వాతిది శనివారం రావాలి, అది అమావాస్య. ఆదివారానికి జరిపాను. పాత లెక్కలో ఆపైనది మంగళవారం, అది పనికిరాదు. సోమవారానికి ముందుకు లాగాను. రెండు మాత్రల మధ్య ఉండాల్సిన రెండు రోజులూ అలా మాయమయ్యాయి. అంతటితో ఆగినా బాగుండేది. మొదలుపెట్టిన నియమంలో ఏదైనా తప్పిపోతే తర్వాత పూర్తి చేయాలని మా ఇంట్లో అంటారు. సోమవారం పొద్దున వర్జ్యం వెళ్ళాక, బుధవారం మానేసినది కూడా కలిపి రెండు మింగాను. మింగి చేనుకి బయలుదేరాను.

వాన లేని సెప్టెంబరు ఎండ. పత్తి నడుం ఎత్తు పెరిగింది. పచ్చదోమ పట్టిందని కౌలుదారు వీపుకి పంపు తగిలించుకుని పురుగుమందు కొడుతున్నాడు. అతను మా ఊరి ముస్లిం, నా వయసువాడే. అతని భార్య గట్టు మీద నీళ్ళ డ్రమ్ము దగ్గర ఉంది. నేను మందు మీద పడకుండా గాలి వచ్చే వైపు, ఎప్పటిలాగే చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

ముందు పంపు చప్పుడు దగ్గరైంది. అతను దూరంగా వెళ్తున్నాడు, చప్పుడు మాత్రం నా చెవి దగ్గరికి వస్తోంది. తర్వాత పత్తి ఆకులు ఊపిరి తీస్తున్నట్టు కనిపించాయి. వరసలన్నీ ఒక్కసారి పైకి లేచి, ఒక్కసారి కిందికి దిగాయి. గాలి అనుకున్నాను. నా చొక్కా కదలడం లేదు. అప్పుడు భయం వచ్చింది. రోజూ వచ్చేది దీని ముందు ఆట. నా చేతులు నావి కావనిపించింది. ఇక్కడే, ఈ నాలుగెకరాల గట్టు మీదే, అందరూ చూస్తుండగా నాకు పిచ్చెక్కుతుందని తెలిసిపోయింది. కూర్చోకూడదనుకున్నాను. కూర్చున్నాను.

"ఏందయ్యో, బాబుగారు కూలబడ్డారు!" అని అతని భార్య కేక పెట్టింది.

అతను పంపు దింపి పరుగెత్తుకుంటూ వచ్చాడు. "బాబుగారూ! ఎట్టా ఉంది? కళ్ళు తిరుగుతున్నయ్యా? మందు పడినట్టుందే, చెమటలు చూడు!"

కాదు అనాలని నోరు తెరిచాను. మాట రాలేదు.

పత్తి చేలల్లో అలా కూలబడినవాణ్ణి ఏం చేయాలో అక్కడ పిల్లలకి కూడా తెలుసు. నన్ను బోరు దగ్గరికి లాక్కెళ్ళి చొక్కా విప్పేశారు. సబ్బుతో వీపు, మెడ, చేతులు రుద్దారు. పెళ్ళయిన తర్వాత పరాయివాళ్ళ ముందు నేను చొక్కా విప్పలేదు. అతని భార్య తల పక్కకి తిప్పుకుని నీళ్ళు పోస్తూనే ఉంది. ఆ నీళ్ళు చల్లగా లేవు, పాకుతున్నాయి. నేను అరిచానట. నాకు గుర్తు లేదు.

ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారిపొడుగునా కౌలుదారు నా భుజం పట్టుకునే ఉన్నాడు. భార్యతో లోగొంతుకతో అంటున్నాడు. "నేను కొట్టిన మందుకి ఈయనకేమన్నా అయితే నన్ను లోపలేస్తారే. కావాలని పోశాననుకుంటారు."

"నోరు మూసుకో. ఏం గాదు."

ఆ మాటలు స్పష్టంగా విన్నాను. నా భయంలోకి అతని భయం కూడా వచ్చి కూర్చుంది. అయినా చెప్పలేదు. మాట వచ్చింది, ఆ సంగతి దాచను. ఆటో ఊరు దాటేసరికే నోరు తిరుగుతోంది. చచ్చిపోతే పోతాను, పుట్టగొడుగుల పొడి తిన్నానని మాత్రం వీళ్ళ ముందు అనను అనుకున్నాను.

ఆసుపత్రిలో మంచం చుట్టూ నలుగురు చేరారు. "పురుగుమందు తాగాడంటగా?" అని ఎవరో అడిగారు. "పెద్దింటోళ్ళు, పరువు పోయిందని తాగుంటాడు," అని ఇంకెవరో జవాబు చెప్పారు. నర్సు సూది సిద్ధం చేస్తోంది. డ్యూటీ డాక్టరమ్మకి ముప్పై ఏళ్ళుండవు.

"ఏం తాగారండీ?"

"మా ఇంట్లో ఎవరూ ఏదీ తాగరు," అన్నాను. నా గొంతు నాకే ఎక్కడో బావిలోంచి వచ్చినట్టు వినిపించింది.

ఆమె టార్చి వేసి కళ్ళు చూసింది. "సిస్టర్, ఆగు. పురుగుమందు ఒంట్లోకి పోతే కంటిపాప గుండుసూది మొనంత అవుతుంది. ఈయనవి రూపాయి బిళ్ళల్లా ఉన్నాయి." నా వైపు వంగింది. "చూడండి, ఇది విషానికి విరుగుడు సూది. విషం లేనివాళ్ళకి ఇస్తే గుండె ఇంకా పరుగెడుతుంది. మీది ఇప్పటికే ఆగకుండా పరుగెడుతోంది. మీరేం తీసుకున్నారో చెప్తే ఇవ్వను. చెప్పకపోతే ఏం చేయాలో నాకు తెలీదు."

నేను కౌలుదారు వైపు చూశాను. "వీళ్ళని బయటికి పంపండి," అన్నాను. నర్సు మిగతావాళ్ళని పంపేసింది.

"నేను పోను," అన్నాడు అతను. "ఏం జరిగిందో నాకు తెలియాల. రేపు నన్నడుగుతారు."

అతని చొక్కా మీద పురుగుమందు తడి ఇంకా ఆరలేదు. తన ఒళ్ళు కడుక్కోలేదు. నా ఒళ్ళు కడిగాడు.

చెప్పాను. పుట్టగొడుగులని, మత్తువని, ఒకటి కాదు రెండని, నిన్న కూడా వేసుకున్నానని. ఎందుకలా జరిగిందో చెబుతూ వర్జ్యం దాకా వచ్చేసరికి డాక్టరమ్మ రాయడం ఆపి నా వైపు చూసింది. "చేత్తో నింపినవి ఏ రెండూ ఒక్కలా ఉండవండీ," అని మాత్రం అంది. సూది పక్కన పెట్టించి, గది చీకటి చేయించి, వేరే ఏదో ఇప్పించింది. సాయంత్రం దాకా నా మంచం పక్క గోడ మెల్లగా ఊపిరి తీస్తూనే ఉండి, ఆపైన మానేసింది. కౌలుదారు గడప దగ్గర కూర్చున్నాడు.  ఒక్కసారి, "ఇంత చదువుకొని," అన్నాడు. 

చీకటిపడ్డాక బయటికి వస్తే ఆసుపత్రి గేటు దగ్గర మా ఊరివాళ్ళు పదిమంది నిలబడి ఉన్నారు. ఏమైందని అడిగారు. నేను నోరు తెరవకముందే కౌలుదారు అన్నాడు: "ఎండదెబ్బ."

వెంటనే ఒక పెద్దాయన అతని మీద పడ్డాడు. "ఒరేయ్, బుద్ధుందా నీకు? ఆయన్ని ఎండలో నిలబెట్టి మందు కొడతావా? అట్టాంటి మనిషిని!"

అతను తల వంచుకున్నాడు. నేను చొక్కా గుండీలు పెట్టుకుని, నడుం నిటారుగా చేసుకుని, ఆటో ఎక్కాను.

తర్వాత నాలుగు రోజులు ఆకులూ గోడలూ నన్నేమీ చేయలేదు. భయం మాత్రం ఉంది, ఈసారి దానికి కారణం తెలుసు. కౌలుదారు వంచుకున్న ఆ తల. అయిదో రోజు ఊరికి వెళ్ళి టీ కొట్టు దగ్గర ఆగాను. ఆ పెద్దాయన అక్కడే ఉన్నాడు. కూర్చోమన్నారు. నిలబడే చెప్పాను. ఎండదెబ్బ కాదని, నేను తిన్నదేమిటో, కౌలుదారు తప్పేమీ లేదని. 

 మూల నుంచి ఒకడు, "పుట్టగొడుగులంట్రా! మనోళ్ళు కూరొండుకుంటారు, బాబుగారు బిళ్ళ చేసి మింగారు," అన్నాడు. కొట్టంతా నవ్వింది. ఆ నవ్వు నా వెనకే చేను దాకా వచ్చినట్టనిపించింది.

ఆ కబురు నాకంటే ముందే చేరింది. కౌలుదారు పంపు కడుగుతున్నాడు. నేను చేసింది మంచి పనే అనుకుని నిలబడ్డాను.

"ఏంది బాబుగారూ మీరు చేసింది?" అన్నాడు తల ఎత్తకుండా. "మీ పరువని నేను దాచాను. మీరు బజార్న పెట్టారు. ఇప్పుడు ఆసుపత్రి కాడ అబద్ధం చెప్పినోణ్ణి నేను. అప్పుడే ఇద్దరు ఫోన్ చేసి నన్నడిగారు, ఇంకా ఏం దాచావురా అని."

 తప్పయిందని ఆ ఊళ్ళో మా ఇంటివాళ్ళెవరూ ఎవరితోనూ అన్నట్టు నేను వినలేదు. ఆ మాట ఎలా అనాలో నాకు నిజంగా తెలియలేదు. గట్టు మీద కూర్చుని, నేల వైపు చూస్తూ, తప్పయిందని అన్నాను.

అతను వినిపించుకున్నాడో లేదో చెప్పలేను. పంపు వీపుకెత్తుకుని, "ఇంకా ఎనిమిది వరసలున్నయ్. గాలి ఇటు తిరిగింది, మీరు లేచి అవతలికి పోండి," అన్నాడు. లేచి వెళ్ళాను.