ఇసుక మూటలకు సీటిచ్చిన కరెంటు బస్సు

ఇరవై ఏళ్ళు ఒక ప్రభుత్వ ఆఫీసు కొనుగోళ్ళ సెక్షన్‌లో పనిచేసి రిటైరయ్యాను. టెండరు కాగితం ఎంత నున్నగా ఉంటే నాకు అంత అనుమానం. మా విశాఖపట్నంలో సిటీ సర్వీసులకు కరెంటు బస్సులు కొంటున్నారని, అదే టెండరులో అరకు రూటునూ కలిపేశారని తెలిసి నోటీసు మొత్తం చదివాను. సీట్లు, కెమెరాలు, ఏసీ, ఒక్క చార్జింగ్‌తో ఎన్ని కిలోమీటర్లు, అన్నీ ఉన్నాయి. ఘాట్ రోడ్డు అన్న మాట మాత్రం ఎక్కడా కనపడలేదు. సిటీ కోసం రాసిన కాగితాన్నే కొండెక్కిస్తున్నారనిపించింది. ట్రయల్ బస్సు తిప్పుతున్నారు, టికెట్ కొంటే ఎవరైనా ఎక్కొచ్చు అనగానే నోట్‌బుక్కు, ఫ్లాస్కు పట్టుకుని బయల్దేరాను.

ఉదయం ఆరున్నరకు ఆర్టీసీ బస్టాండు కాంప్లెక్స్‌లో ఎక్కాను. టికెట్ మామూలు బస్సు ధరే. వెనక మూడు వరసల సీట్లలో మనుషుల బదులు ఇసుక మూటలు కూర్చున్నాయి. బస్సు నిండితే ఎంత బరువుంటుందో అంతా పెట్టి చూస్తున్నామని కంపెనీ ఇంజనీరు చెప్పాడు. నమ్మకం కలగక ఒక మూటను నొక్కి చూశాను. నిండుగానే ఉంది.

ఎనిమిదింపావుకు శృంగవరపుకోటలో టిఫిన్‌కి ఆపారు. నలభై రూపాయలకు వేడి ఇడ్లీ దొరికింది. ఘాట్ మొదలవగానే డ్రైవర్ వెనక సీటుకు మారి చార్జింగ్ మీటరు మీద కన్నేశాను. అంకె దిగుతూనే ఉంది. "ఏసీ ఆపేసినట్టున్నారు?" అని అడిగాను.

డ్రైవర్ అప్పలనాయుడు అద్దంలోంచి నవ్వాడు. "లేదండి బాబూ, సెయ్యెట్టి సూడండి. మీకు అనుమానం సానా ఎక్కువలాగుంది. తిరిగొచ్చినప్పుడు దిగుడులో మళ్ళీ ఎక్కుతాదండి సార్జింగు."

చెయ్యి పెట్టి చూశాను. చల్లగాలి వస్తోంది. కాస్త సిగ్గేసింది, అయినా అంకెలు రాసుకోవడం మానలేదు.

అసలు సంగతి అనంతగిరిలో బయటపడింది. అరకు సంతకు వెళ్ళడానికి బుద్రి అనే ఆవిడ రెండు అల్లం మూటలతో నిలబడి ఉంది. రెండింటి మూతికీ ఎర్రచీర పీలిక కట్టి ఉంది. ఇక్కడ ఏ ఇంటి మూటకు ఆ ఇంటి చీర పీలిక కడతారట, బస్సు టాపు మీద పది ఊళ్ళ మూటలు కలిసినా దించేటప్పుడు తగువు రాకుండా. ఆవిడ బస్సు చుట్టూ రెండుసార్లు తిరిగి, "నిచ్చెన ఏదీ?" అంది.

ఇంజనీరు దిగాడు. "టాప్ మీద బ్యాటరీలున్నాయమ్మా, సామాను పెట్టకూడదు. తర్వాత బస్సుకు రండి."

"అది వచ్చీసరికి బేరగాళ్ళు ఎల్లిపోతారు బాబూ. వారానికి ఒక్క సంత. తవ్వీసిన అల్లం, మల్ల వారందాకా ఎండిపోద్ది" అందావిడ.

నాకు ఒళ్ళు మండింది. "ఇసుకకు సీటుంది, అల్లానికి లేదా? మీకు కావలసింది బరువే కదా. రెండు ఇసుక మూటలు దించి ఇవి పెట్టండి" అన్నాను. ఇంజనీరు తటపటాయిస్తుండగానే అప్పలనాయుడు దిగిపోయాడు. "బేగి రండి బాబూ, ఓ సెయ్యెయ్యండి" అంటూ ఒక ఇసుక మూట భుజానికెత్తుకున్నాడు.

బుద్రి తన మూటల పక్కనే కూర్చుంది. బస్సు ఎలా ఉందని అడిగాను. "బాగుంది. పొగ లేదు, నాకు వాంతి రానేదు" అంది. బొర్రా మలుపు దాటాక తనే అడిగింది. "రేపు ఇసుక ఉండదు గదా బాబూ, ఈ సీట్లల్లో మనుషులుంటారు. అప్పుడు నా అల్లం ఎక్కడ కూకుంటాది?"

ఆ ప్రశ్నను ఉన్నదున్నట్టు నోట్‌బుక్కులో రాసుకున్నాను.

పావుతక్కువ పదకొండుకు అరకులో దిగాం. మీటరులో ఇంకా సగం పైనే మిగిలింది. ఇంజనీరు తన ఫారంలో 'పూర్తి లోడ్, సంతృప్తికరం' అని రాసుకున్నాడు. అల్లం సంగతి రాయమంటే, దానికి గడి లేదన్నాడు. బుద్రి మూటలతో సంతలోకి వెళ్ళిపోయింది.

నేను బ్యాటరీని అనుమానించి వెళ్ళాను, అది నిజాయితీగానే పనిచేసింది. ఈ కొండలకు పొగలేని బస్సు రావాలనే ఇప్పుడు నా కోరిక కూడా. కానీ ఆ టెండరు కాగితం రాసినవాళ్ళెవరూ సంత రోజున ఈ దారిన బస్సెక్కలేదని నా గట్టి అనుమానం. అభ్యంతరాలకు ఇంకా గడువుంది. మూటలకు చోటడుగుతూ ఉత్తరం పంపాను. చదువుతారన్న నమ్మకం లేక రసీదు దాచుకున్నాను. మీరు అరకు వెళ్తే సంత రోజునే వెళ్ళండి. ముందురోజే బస్టాండుకెళ్ళి బస్సు వెనక నిచ్చెన ఉందో లేదో చూడండి. లేకపోతే సూట్‌కేసు ఇంట్లో వదిలేసి చిన్న సంచితో రండి. మీరు సామాను తగ్గించుకోగలరు, బుద్రి తగ్గించుకోలేదు.