పెదనాయన జేబు మీది పతకాలు

యుద్ధాల చరిత్ర రాసే ఆడమనిషిని కదా, సభల్లో అందరూ ఒకటే అడుగుతారు: "అంత దేశభక్తి ఎక్కడి నుంచి వచ్చిందమ్మా?" దేశభక్తీ లేదు, పాడూ లేదు. కడుపుమంట. ఈ మాట ఇన్నాళ్లూ ఎక్కడా చెప్పలేదు.

మా నాయన సైన్యంలో వంటవాడు. సరిహద్దు కొండల మీద, మంచులో, కాల్పులు జరిగే చోటికి వేడి రొట్టెలు మోసుకుపోయినవాడు. పదవీ విరమణ చేసి ఆళ్లగడ్డకు వచ్చి బస్టాండు దగ్గర మిలిట్రీ హోటల్ పెట్టాడు. మా సీమలో మిలిట్రీ హోటలంటే మాంసం దొరికే హోటల్, అంతే. నిజంగా మిలిట్రీ నుంచి వచ్చినవాడే అది పెట్టేసరికి ఊరికి నవ్వులాట దొరికింది. "ఏమప్పా, ఆడ పొట్టేళ్లను కోసినావా, శత్రువులను కోసినావా?" అనేవాళ్లు. నాయన కూడా నవ్వి, వాళ్లకు ఇంకో ముక్క వేసేవాడు.

ఆ ఎగతాళి మొదలుపెట్టింది బయటివాడు కాదు. నాయన సొంత అన్న, నంద్యాలలో ఉండే మా పెదనాయన. ఆయనా కొన్నాళ్లు సైన్యంలో ఉన్నాడు. ఎక్కడో మైదానంలో, గోదాములో సామాన్లు చూసుకుని వచ్చాడు. పతకం ఒక్కటీ లేదు, మీసం మాత్రం ఇంత. మా హోటల్లో కూర్చుని, నాయన వడ్డించిన తలకాయకూర జుర్రుకుంటూ, "మా తమ్మునికి ఆడా గరిటే, ఈడా గరిటే" అని అందరికీ వినపడేట్టు అనేవాడు. మా అమ్మను "వంటోని పెండ్లాం" అని పిలిచేవాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడం అంటే అదీ!

నాయన గుండెపోటుతో పోయాడు. దినాల రోజే పెదనాయన మా నాయన పెట్టె తెరిచి, కొండల మీది కొలువుకు ఆయనకు వచ్చిన పతకాలు తీసుకున్నాడు. "ఆడోళ్లకెందుకివి? నేను జాగ్రత్త చేస్తాలే" అన్నాడు. అమ్మ ఏడుస్తూ ఉంది, నేను ఆమెను పట్టుకుని కూర్చున్నాను. ఆ పంద్రాగస్టుకు చూస్తే ఆయన కోటు ఎడమ జేబు మీద మా నాయన పతకాలు! కొండ, మంచు, కాల్పులు, కథలన్నీ మా నాయనవి, చెప్పేది ఈయన. సొమ్మొకడిది, సోకొకడిది. ఆయన మొహం చూడనని అమ్మ ఒట్టు పెట్టుకుంది. నేను మాత్రం చూస్తూనే ఉండాలనుకున్నాను.

ఆ కసితోనే యుద్ధాల పుస్తకాలు చదివాను, మాజీ సైనికుల ఇళ్లకు తిరిగాను. అవుకులో ఒక జవాను భార్య చనిపోయిన భర్త పతకాలను కుడివైపు పెట్టుకుని ఫొటోకు నిలబడింది. "సొంతానివైతే ఎడమ దిక్కు పెట్టుకోవల్ల. సచ్చిపోయినోళ్లవైతే కుడి దిక్కు పాపా" అంది. సైన్యంలో పనిచేసిన ప్రతివాడికీ తెలిసిన మర్యాద. పెదనాయనకూ తెలుసు. తెలిసే ఎడమవైపు పెట్టుకున్నాడు. ఆయన ఇంటికిపోయి అప్పుడే కడిగేయొచ్చు. కానీ నాకు నలుగురిలో కావాలి, అదీ యూనిఫాం వేసుకున్న నలుగురిలో.

పోయినేడు, సైన్యపు వంటవాళ్ల మీద నేను రాసిన పుస్తకం ఆవిష్కరణ నంద్యాలలో పెట్టించాను. చుట్టుపక్కల మాజీ సైనికులందరినీ పిలిచాను. పెదనాయన ఇంటికి స్వయంగా పోయి, "నువ్వే పెద్ద అతిథివి. పతకాలు మర్చిపోవద్దు" అన్నాను.

"ఎట్ల మర్సిపోతానే పిచ్చిదానా!" అని మీసం దువ్వుకున్నాడు.

వేదిక మీద ఆయనకు శాలువా కప్పాను. "పెదనాయనా, ఇవి పక్క మారినాయి" అని మైకులోనే చెప్పి, పతకాలను ఎడమవైపు నుంచి తీసి కుడివైపు గుచ్చాను. ఆయన చెయ్యి ఖాళీ అయిన ఎడమ జేబు మీదికి పోయింది. ఊరి పెద్దమనుషులు ఏదో గౌరవమనుకుని చప్పట్లు కొట్టారు. మాజీ సైనికుల్లో ఒక్కరూ కొట్టలేదు. ముందు వరుసలోని ముసలి హవల్దారు లేచాడు.

"కుడి దిక్కు పెట్టిందే పాప! ఎవురివప్పా అవి?"

నేను మైకు పెదనాయన నోటి ముందు పెట్టాను.

"మా తమ్మునివి."

"ఏం చేస్తాన్యాడు నీ తమ్ముడు?"

"వంట చేస్తాన్యాడు."

"మరి ఇన్నేండ్లు ఎడమ దిక్కు ఎందుకు పెట్టుకున్యావ్?"

పెదనాయన తలొంచుకుని పతకాలు విప్పి నా చేతిలో పెట్టి వేదిక దిగిపోయాడు. హాయిగా ఉండింది. అబద్ధమెందుకు, చాలా హాయిగా ఉండింది.

సాయంత్రానికి ఆళ్లగడ్డ చేరి పతకాలు అమ్మ ఒళ్లో పెట్టాను. ఆమె వాటివైపు చూడనే లేదు.

"ఆయప్ప నోటితోనే చెప్పినాడా?"

"చెప్పినాడమ్మా, మైకులో. తమ్మునివని, వంట చేస్తాన్యాడని."

"నువ్వేమన్నా జాలి పడినావా?"

"లేదు."

"మంచి పని చేసినావ్" అంటూ చాప లాక్కుని నాకు ఎదురుగా కూర్చుంది. "ఇంగోసారి చెప్పు. మొగం ఎట్ల పెట్టినాడో అది గూడా చెప్పు."