లాభం... మూడు... ఐదు

దయ్యాలు, గాలి సోకుడు అంటే నాకు చిన్నప్పటి నుంచి నవ్వే. మా బాపు భూపాలపల్లిల బొగ్గు బాయిల పని చేసిండు. "బాయి లోపటి కంటె చీకటి ఏడుంటది బిడ్డా? అండ్ల ఇన్నేండ్లు తిరిగిన, ఎలుకలు తప్ప నాకు ఎవ్వలు ఎదురుపడలే" అనేటోడు. నేను ఆయన బిడ్డను. ఇప్పుడు నేను చెప్పేది వేరేటోళ్లు చెప్పంగ ఇంటే, "ఊకో అక్కా, సదువుకున్నదానివి నువ్వు గూడ" అని తీసిపారేసేదాన్ని.

మాకు ఒక్కతే బిడ్డ, సహస్ర. నాలుగేండ్లు నిండినా ఒక్క మాట రాలే. అమ్మా అని గూడ పిలువలే. చెవులు మంచిగనే ఇనవడ్తున్నయని దవాఖానల చెప్పిన్రు. హన్మకొండల మాటలు నేర్పే మేడం దగ్గరికి వారం వారం తీస్కపోయేది. చుట్టాలేమో, "వాళ్ల నాయిన గూడ లేటుగనే మాట్లాడిండు, పరేషాన్ గాకు" అనేటోళ్లు. ఆ మాట ఇని ఇని ఇసుగొచ్చింది. బిడ్డ కోసం టీచర్ నౌకరి ఇడిచిపెట్టిన. అది నిద్రపోయినంక దాని చెవుల "ఒక్కసారి అమ్మా అనవే" అని చెప్పుకుంట ఏడ్చేదాన్ని.

మా ఆయనకు మహబూబాబాద్ నుంచి జనగామకు బదిలీ అయింది. అప్పుడే ఇల్లు కొనాలనుకున్నం. జనగామల ఒక షావుకారు వాళ్ల పాత ధాన్యం గోదాం ఉండె, తాతల నాటిది. బిల్డర్ దాన్ని కూలగొట్టకుండ లోపట ఫ్లాట్లు చేసిండు. రాతి గోడలు, టేకు దూలాలు అట్లనే ఉంచిండు. మేం తీస్కున్నది అన్నిటికంటె పైది. హాల్ల నుంచి కట్టె మెట్లెక్కితే దూలాల కింద సగం అంతస్తు ఉంటది. బిల్డర్ దాన్ని లాఫ్ట్ అన్నడు. మరిపెడ నుంచి మా అత్తమ్మ వచ్చి చూసి, "గింత పైసలు వోసి అటుక కొన్నరా?" అన్నది. నాకైతే మస్తు నచ్చింది. బిడ్డ ఆడుకోను జాగ ఉన్నది, వెలుతురు ఉన్నది, ఇంకేం కావాలె.

పాలు పొంగిచ్చినం, వ్రతం చేసుకున్నం. ఇంటికాడ బర్లను చూసేటోళ్లు లేరని అత్తమ్మ తెల్లారే బస్సెక్కి పోయింది. అప్పుడు ఆమె మా ఇంట్ల ఉన్నది ఒక్క పొద్దే. ఇది గుర్తు పెట్టుకోండ్రి, ఎందుకో మీకే తెలుస్తది.

మొదలు చప్పుడు వచ్చింది. మధ్యాహ్నం అన్నం తిన్నంక నేను గిన్నెలు కడుగుతుంటె, పైనుంచి టప్ టప్ అని. నిండు బస్తాను అరచేత్తోని తట్టినట్టు. జరసేపు ఆగి మళ్ల టప్ టప్. పావురాలేమో అని మెట్లెక్కి చూసిన. పావురం లేదు, ఈక గూడ లేదు. సహస్ర ఒక్కతే గోడ ముంగట కూసున్నది. చేతులు ఒళ్లె పెట్టుకొని గోడ దిక్కు చూస్తున్నది. పాత కట్టె, ఎండకు సప్పుడు చేస్తదని మా ఆయన అన్నడు. నేను గూడ గదే అనుకున్న.

తర్వాత సహస్ర బియ్యం డబ్బాల నుంచి గిన్నెడు బియ్యం, ఒక గిలాస, ఇంకొక ఖాళీ గిన్నె పైకి మోసుకపోవుడు మొదలువెట్టింది. గిలాసతోని ముంచుడు, ఖాళీ గిన్నెల పోసుడు, చిన్న చెయ్యితోని గిన్నెను రెండు సార్లు తట్టుడు. ఆడుకోనీ అని ఊకున్న. ఒక రోజు నేను ఆడనే కూసోని బట్టలు మడత వెడ్తున్న. అది గిలాస నింపి పోసింది. పోసుకుంట "లాభం" అన్నది.

నా బిడ్డ గొంతు నేను మాటగ ఇనుడు అదే మొదటిసారి. మడత వెడ్తున్న బట్టలు పక్కకు నూకిన. అది నా దిక్కు చూడనే లేదు. గిలాస కింద పెట్టి, తల జర వంచి గోడ దిక్కు చూసుకుంట ఆగింది. అప్పుడు టప్ టప్ అని ఇనవడ్డది. మళ్ల గిలాస తీసింది, పోసింది, "మూడు" అన్నది. ఆగింది. టప్ టప్. "ఐదు" అన్నది. నేను ఏడ్సుకుంట నవ్వుకుంట మా ఆయనకు ఫోన్ చేసిన. ఆయన ఆఫీసుల పని ఇడిచిపెట్టి ఉరికొచ్చిండు.

నేను టీచర్ను గద, ఊకుంటనా? "లాభం కాదు బిడ్డా, ఒకటి అనాలె" అని దిద్దిన. నోరు మూస్కున్నది, ఆ రోజు మళ్ల తెరవలే. ఇంకోసారి, అది ఆగిన కాడ నేను "రెండు" అన్న. వచ్చి నా నోటికి చెయ్యి అడ్డం పెట్టింది. ఆ వంతు నాది కాదు అన్నట్టు.

హన్మకొండ మేడం సంబురపడ్డది. "ఇంట్ల ఎవరో మంచిగ వంతులేసుకొని ఆడిపిస్తున్నరు. పెద్దోళ్లెవరన్న ఉన్నరా?" అని అడిగింది. లేరన్న. ఆమె నమ్మలే.

అత్తమ్మకు ఫోన్ల సంతోషంగ చెప్పిన. "వడ్లు కొలిచేటప్పుడు మొదటిదాన్ని ఒకటి అనరు బిడ్డా, లాభం అంటరు. మంచి మాటతోని మొదలువెట్టాలని. ఇప్పుడన్ని కాంటాలేనాయె, గా మాట ఎవలంటున్నరు? పిల్లకు ఎవలు చెప్పిన్రు?" అన్నది. నాకు అప్పటిదాంక తెల్వదు. బొగ్గు బాయి కాలనీల పెరిగినదాన్ని, మా ఇంటికి బియ్యం సంచులల్ల వచ్చేది. మా ఆయన గూడ నేనైతే ఆ మాట చెప్పలే అన్నడు. బిడ్డ చూసే ఫోన్, టీవీ అన్ని ఎతికినం. ఏడ లేదు.

గోదాం అమ్మిన షావుకారు మనుమడు బజార్ల బట్టల దుకాణం నడుపుతడు. ఊకెనే అడిగినట్టు అడిగిన, అన్నా, మీ గోదాంల ఎట్ల కొలిచేటోళ్లు అని. "లెక్క తప్పకుండ ఇద్దరు వంతులేసుకొని చెప్పేటోళ్లట అక్కా. ఒకలు లాభం అంటె, ఇంకొకలు రెండు. మా నాయిన చెప్తుండె, ఒక పెద్దమనిషి కొలిచినప్పుడల్ల బస్తాను రెండుసార్లు తట్టేటోడట. ఆయనకు పిల్లలు లేకుండె. పని బందైనా గోదాం ఇడిచి పోలేదట" అని ఆ అన్న నవ్విండు. చీర చూడకుండనే బయటికొచ్చిన.

అబద్ధమెందుకు, మస్తు భయమైంది. అత్తమ్మ వచ్చి పిల్లకు దిష్టి తీసింది, ఇల్లు అమ్మి పారేయుండ్రి అన్నది. మా ఆయన గూడ సరే అన్నడు. ముందుగాల అందరం మరిపెడకు పోయినం. ఆడ ఎన్ని రోజులున్నా బిడ్డ నోట ఒక్క మాట లేదు. గిలాస చేతుల పెడితే కింద పెట్టింది. వాకిట్ల కూసొని మా మొఖాలు చూసింది. "గాలైతేంది, ధూళైతేంది, నా బిడ్డకు మాటిచ్చింది. నేను నా ఇంటికి పోతున్న" అన్న. మా ఆయన ఆఫీసుకు పోతె పగటి పూట నన్ను ఒంటిగ ఉంచలేక, అత్తమ్మ బర్లను పక్కింటోళ్లకు అప్పజెప్పి ఎంట వచ్చింది.

తలుపు తీయంగనే సహస్ర మెట్లెక్కింది. కొలుచుడు మొదలువెట్టింది. "లాభం" అన్నది, ఆగింది. టప్ టప్. మెట్ల మీద కూసున్న అత్తమ్మ గూడ ఇన్నది. కొంగు తల మీదికి గుంజుకొని రెండు చేతులు జోడిచ్చింది. ఇల్లు అమ్ముడు ముచ్చట ఆమె మళ్ల ఎత్తలే.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం, ఎప్పటి లెక్కనే "లాభం" అన్నది. గిలాస పెట్టి ఆగింది. చప్పుడు రాలే. గోడకు దగ్గరగ జరిగి మళ్ల అన్నది, "లాభం". ఏం లేదు. నేను గూడ చెవులు వెట్టి ఇన్న. దాని పెదిమ వణికింది. అప్పుడు ఇటు తిరిగి, పక్కకు కూసున్న నా దిక్కు చూసింది. అట్ల నా కండ్లల్లకు అది అంతకుముందు ఎన్నడు చూడలే.

మెల్లగ "రెండు" అన్న.

ఈసారి నోటికి చెయ్యి అడ్డం పెట్టలే. గిన్నె నా ముంగటికి జరిపింది. "మూడు" అన్నది. నేను "నాలుగు" అన్న. అట్ల బియ్యం అయిపోయేదాంక పోయినం. ఆఖరుకు గిన్నెను రెండు సార్లు తట్టి, నా మోకాలు పట్టుకొని "అమ్మా" అన్నది.

ఇప్పుడు దాని నోటికి అడ్డు లేదు, జరసేపు ఊకోవే తల్లీ అని నేనే అంటున్న. బడిల ఒకటి అంటది, ఇంట్ల బియ్యం కాడ లాభమే అంటది. నీకు ఎవరు నేర్పిన్రే అంటె, "నువ్వే గదమ్మా" అంటది. నేను నేర్పలే. ఎవరు నేర్పిన్రో, ఎందుకు నేర్పిన్రో, ఆ రోజు ఎందుకు పోయిన్రో నాకు ఇప్పటికీ సమజ్ కాలే. మా బాపు ఉంటె ఏమనేటోడో తెల్వదు.

పొద్దున కుక్కర్ల బియ్యం పోసుకుంట నేను గూడ మొదటి గిలాసకు లాభం అంటున్న. అని, రెండో గిలాస ముంచకుండ జర ఆగుత. ఏ చప్పుడు రాదు. అయినా ఆగుడు మాత్రం మానలే.