సముద్రంలో అక్క పేరు

దెయ్యం అని ఎవరైనా మొదలెడితే నాకు ఒళ్ళు మండుతుంది. మా పేటలో ఇంటికో దెయ్యం కథ ఉంది. ఒక్కటీ చూసినవాడు చెప్పింది కాదు. "మా మావకి కనిపించిందట" అంటారు. ఆ మావని అడిగితే ఇంకో మావ పేరు చెప్తాడు. అలాంటివాళ్ళని ఎగతాళి చెయ్యడంలో నేనే ముందుండేవాణ్ణి. ఇది చదివి మీరూ నవ్వుకోండి, నేనేం అనుకోను.

మాది శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డు పేట. నేను ఇంట్లోనే కంప్యూటర్ పెట్టుకుని ఆన్‌లైన్ పనులు చేస్తాను. పక్కిల్లే మా అక్క నూకాలుది. బావ వేటకెళ్ళేవాడు. చేపలు బాగా పడే చోటు దొరికితే జీపీఎస్ పెట్టెలో గుర్తు పెట్టుకొచ్చేవాడు. పెట్టె పాడైతే గుర్తులన్నీ పోతాయని నా కంప్యూటర్‌లోకి కూడా ఎక్కించేవాడు.

ప్రతి గుర్తుకీ ఒక పేరుండాలి బావకి. తనకి అక్షరాలు రావు గనక అన్నీ నేనే కొట్టేవాణ్ణి. మా అమ్మ పేరు, వాళ్ళ మేనత్త పేరు, చచ్చిపోయిన కుక్క పేరు కూడా పెట్టించాడు. అక్క పేరు మాత్రం పెట్టనిచ్చేవాడు కాదు. "ఇంటిదాని పేరు నీళ్ళల్లో పెట్టకూడదురా, గంగమ్మకి కుళ్ళు పుడతాది" అనేవాడు.

పోయినేడాది బావ వెళ్ళిన బోటు బోల్తా పడింది. నీళ్ళల్లో తేలుతున్న మిగతావాళ్ళని మర్నాడు ఎక్కడో వేరే బోటువాళ్ళు పైకి లాగారు. బావ దొరకలేదు, జీపీఎస్ పెట్టే దొరకలేదు. ఇంజిను ఆగిపోయి ఎటు కొట్టుకుపోయారో ఆ బతికినవాళ్ళకే తెలీదు. అంచేత బావ ఎక్కడ పోయాడో చెప్పగలిగినవాడు లేడు.

శవం చూడకుండా కార్యం చెయ్యడానికి ఎవరికి చేతులొస్తాయి? అక్క బొట్టు తియ్యలేదు, గాజులు తియ్యలేదు. పెద్దలొచ్చి చెప్పి చూశారు. "ఎక్కడున్నాడో సూపించండి, అప్పుడు తీస్తాను" అంది. రోజూ బావకి కూడా బియ్యం పోసేది. మిగిలిన అన్నం పొద్దున్నే గంజిలో కలుపుకుని తనే తాగేది.

ఈ ఏడు వానలకి నా పాత కంప్యూటర్ మొరాయించింది. ఉప్పుగాలికి మా దగ్గర ఏదీ ఎక్కువ కాలం బతకదు. పూర్తిగా చచ్చేలోపు అందులో ఉన్నవన్నీ తీసేయాలని కొత్తది తెచ్చుకున్నాను. పాతదాంట్లో విండోస్, కొత్తదాంట్లో లినక్స్ అనే వేరే సిస్టం. ఫొటోలూ కాగితాలూ తిన్నగానే వచ్చేశాయి. బావ గుర్తుల ఫైలు మాత్రం ఇందులో తెరుచుకోలేదు. దాన్ని వేరే రకంలోకి మార్చి, పెన్‌డ్రైవ్‌తో ఎక్కించాను.

మ్యాపు మీద చుక్కలన్నీ వచ్చాయి. వాటిలో ఒకటి నాకు తెలీనిది. అన్నిటికన్నా దూరంగా, నడిసంద్రంలో ఉంది. దాని మీద నూకాలు అని ఉంది.

పాతదాంట్లో వెతికాను, ఆ చుక్క లేదు. మళ్ళీ మొదట్నుంచీ మార్చి ఎక్కించాను. కొత్తదాంట్లో ఉంది. ఫైళ్ళు మార్చేటప్పుడు తప్పులు పడతాయి, కాదనను. అక్షరాలు చెడతాయి, కొన్ని చుక్కలు ఎగిరిపోతాయి. కానీ తప్పు పడితే మా అక్క పేరెలా పుడుతుంది? ఆ పేరు నేను కొట్టలేదు. మా ఇంట్లో ఇంకెవరికీ కొట్టడం రాదు.

అప్పుడే అక్క టీ పట్టుకొచ్చింది. నా మొహం చూసి "ఏటిరా, ఏటయింది?" అంది. దాచిపెట్టడం నాకు చేతకాదు, చెప్పేశాను. అక్క ఆ చుక్క మీద వేలు పెట్టి, "నన్నక్కడికి తీసుకెల్లు" అంది.

ఆడవాళ్ళని తన వేటబోటు ఎక్కించడానికి మా చిన్నాన్న ఒప్పుకోడు. ఆ రోజు అక్క మొహం చూసి తనే ఇంజిను తిప్పాడు. ఆ చోటుని నా ఫోన్‌లో వేసుకుని దారి చూపించాను. వెళ్ళాం. ఏముంటుంది అక్కడ? నీళ్ళు. చిన్నాన్న తాడుకి రాయి కట్టి దింపితే అడుగు కూడా తగల్లేదు.

"మావా, నానొచ్చాను" అంది అక్క. కాసేపు ఆగింది, నిజంగా జవాబు వస్తుందన్నట్టు. తర్వాత బోటు అంచుకేసి గాజులు కొట్టుకుంది. దోసెడు సముద్రపు నీళ్ళు తీసుకుని బొట్టు కడిగేసుకుంది. ఆమె ఏడవలేదు, నేనే సిగ్గు లేకుండా గట్టిగా ఏడ్చాను.

ఇంటికొచ్చి పెద్దకార్యం చేసేశాం. అక్క బావకి బియ్యం పోయడం మానేసింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. ఆ ఇంటి వైపు కిటికీ నేను చాలా రోజులు మూసే ఉంచాను. ఫైలు మళ్ళీ తెరవబుద్ధి కాలేదు.

నెల కిందట చిన్నాన్న ఏదో పాత చోటు కావాలంటే తెరిచాను. అక్క పేరున్న చుక్క మేం వెళ్ళిన చోట లేదు. ఒడ్డు వైపు జరిగి ఉంది. ఫోన్‌లో వేసుకున్నది పక్కన పెట్టి చూశాను, అది పాత చోటే చూపిస్తోంది. ఫైలు నేను ముట్టుకోలేదు. మళ్ళీ కొన్నాళ్ళు పోయాక చూస్తే ఇంకాస్త జరిగింది, తిన్నగా మా పేట వైపే. చిన్నాన్నకి చూపించాను. "ఈ రోజుల్లో నీరు లోపలికి లాగుతాది గానీ ఒడ్డుకి లాగదురా" అని లేచి వెళ్ళిపోయాడు.

కంప్యూటర్ల గురించి తెలిసినవాళ్ళని అడిగాను, వాళ్ళకీ తెలీదు.

ఇప్పుడు కూడా కిటికీలోంచి అక్క కనిపిస్తోంది. బోసిచేతులతో ఎండుచేపలు తిరగేస్తోంది. బావ వస్తన్నాడు అక్కా అని వెళ్ళి చెప్పాలా? చెప్తే ఈ పూటే మళ్ళీ బియ్యం పోసేస్తుంది, నాకు తెలుసు. కానీ వచ్చేది బావేనా? అది నాకు తెలీదు.