ఎడమకు వాలిన ఇసుక

1985లో నేను పీణ్య పారిశ్రామికవాడలోని ఒక చిన్న కర్మాగారంలో జూనియర్ ప్రోగ్రామర్‌గా చేరాను. లోహం పోతపోసే ఫౌండ్రీల్లో అచ్చులకు ఇసుక పోసే ఉక్కు తొట్లు, మా భాషలో హాపర్లు, అక్కడ తయారయ్యేవి. ఉన్న కంప్యూటర్ ఒక్కటే, జీతాల పట్టీల కోసం కొన్నది. ఆ పని లేనప్పుడు సరదాకి, ఇసుక రాలడాన్ని తెరమీద చూపే ప్రోగ్రాం ఒకటి రాసుకున్నాను.

సూత్రం సులువు. తెరంతా గళ్లు, ఒక్కో చుక్క ఒక్కో ఇసుక రేణువు. కింది గడి ఖాళీగా ఉంటే చుక్క అందులోకి దిగుతుంది. లేకుంటే ఎడమవైపు కింది గడి చూస్తుంది, అదీ నిండితే కుడివైపుది. ఇంతమాత్రానికే ఆకుపచ్చ చుక్కలు జలజలా రాలి గుట్ట పడుతుంటే నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఆ నెలలోనే ఒక ఫౌండ్రీ ఫిర్యాదు చేసింది. మా హాపర్ ఇసుకను ఎడమ పక్కకే పోస్తోందట. కొలిస్తే మూతి అర అంగుళం వంకర. దాన్ని వెల్డింగ్ చేసిన ఫిట్టర్ మునిరత్నప్పకు వర్క్స్ మేనేజర్ షోకాజ్ నోటీసు ఇచ్చారు: ఉద్యోగంలోంచి ఎందుకు తీసెయ్యకూడదో మూడు రోజుల్లో చెప్పాలి. నా ప్రోగ్రాం సంగతి విని, ఆ వంకర కొలతలు ఎక్కించి చూపించమన్నారు. ఇసుక ఎడమకే గుట్టపడింది. కంప్యూటరే చెప్తోందని ఆయన ఫైల్లో రాసుకున్నారు. నేను సిగ్గులేకుండా సంతోషించాను.

మర్నాడు మునిరత్నప్ప వచ్చారు. యాభై దాటిన మనిషి. తగువుకొచ్చారనుకున్నాను. తెరను రెండుసార్లు నింపాదిగా చూసి అన్నారు:

"నా తొట్టి వంకరుండాది, కాదనలేదప్పా. నేరుగా ఉండే తొట్టిని గూడా ఒకతూరి దీంట్లో ఏసి చూపించు. అది సమంగా పోస్తే తప్పు నాదే."

ఆ మాత్రం ఆలోచన నాకెందుకు రాలేదు! డ్రాయింగులోని సరైన కొలతలు ఎక్కించాను. ఇసుక ఎడమకే గుట్టపడింది. ప్రతి చుక్కనూ ముందు ఎడమకు చూడమన్నది నేనే కదా.

"ఇది మీ తొట్టి గురించి ఏమీ చెప్పదన్నా. తప్పు నా ప్రోగ్రాంలోనే ఉంది," అన్నాను.

"అదిట్లే రాసియ్యప్పా. ఇరవై ఏండ్లు ఈడే పని చేసినా. ఇప్పుడు యాడికి పోయేది?"

సంతకం చేసి రాసిచ్చాను. మేనేజర్ చివాట్లు పెట్టారు. అవి నాకు తగినవే. తర్వాత వాలు చూసే రసమట్టం ఇచ్చి ఫౌండ్రీకి మనిషిని పంపారు. హాపర్ నిలిపిన దిమ్మె ఎడమ పక్కకు కుంగి ఉంది. ఇసుక అటే పోవడానికి కారణం అదేనని, మూతి వంకర కాదని తేలింది. నోటీసు వెనక్కి తీసుకున్నారు.

ఎడమా కుడీ ఏది ముందో ప్రతిసారీ చీటీ తీసినట్టు ఎంచుకునేలా ప్రోగ్రాం దిద్దడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన అడగకపోతే ఆ పది నిమిషాలు నేను పెట్టేవాణ్ణి కాదు, ఆయన ఉద్యోగం పోయేది. ఆ తర్వాత పదవీ విరమణ దాకా ఎన్నో ప్రోగ్రాంలు రాశాను. వాటిలో ఏదైనా ఒక మనిషిని తప్పుపడితే, తప్పులేనిదాన్ని అందులో వేసి చూడనిదే సంతకం పెట్టలేదు.